గేట్ జియోమాటిక్స్: లైన్ సింప్లిఫికేషన్ నేను ఎట్ట చదివానంటే

గేట్‌లో జియోమాటిక్స్ (సర్వే, మ్యాపుల ఇంజనీరింగ్) పేపర్ మొదలైందే 2022లో. సివిల్ వాళ్లకున్నట్టు పాత బిట్లు కుప్పలుగా దొరకవు, నెల్లూరులో నాకు కోచింగూ దొరకలేదు. అందుకే జీఐఎస్‌లో (కంప్యూటర్‌లో మ్యాపులతో పనిచేసే విద్య) చాలామంది పక్కన పెట్టేసే ఒక టాపిక్ గురించే రాస్తున్నా. మ్యాప్ స్కేలు తగ్గేకొద్దీ గీతలోని పాయింట్లను ఏరిపారేసే అల్గారిదమ్‌లను ఎంతవరకు నమ్మొచ్చు?

నోట్సుల్లో ఉండేది రెండే ముక్కలు. డగ్లస్-ప్యూకర్ అల్గారిదమ్, 1973, చివరలు కలిపే గీత నుంచి పాయింటు లంబదూరం చూస్తుంది. విశ్వలింగం-వ్యాట్ అల్గారిదమ్, 1993, పాయింటు తన అటూ ఇటూ పాయింట్లతో చేసే త్రిభుజ వైశాల్యం చూస్తుంది. జతపరిచే బిట్టుకైతే ఈ బట్టీ చాలు, లెక్క ఇస్తే చాలదు. కాగితం మీద విడివిడిగా రెండు వంపులు గీసుకోండి. ఒకటి సన్నగా పొడుచుకొచ్చింది: భూమి 1, ఎత్తు 4. రెండోది వెడల్పుది: భూమి 8, ఎత్తు 1. డగ్లస్-ప్యూకర్‌కు టాలరెన్స్ (ఇంతకంటే తక్కువ దూరముంటే తీసెయ్ అనే హద్దు) 2 ఇస్తే సన్నది నిలుస్తుంది, వెడల్పుది పోతుంది. విశ్వలింగం పద్ధతిలో హద్దు 3 పెట్టండి. సన్నదాని వైశాల్యం 2, ఎగిరిపోయింది. వెడల్పుదాని వైశాల్యం 4, నిలిచింది. తీర్పు తలకిందులైంది కదా.

ఇప్పుడు కృష్ణపట్నం తీరాన్ని క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, సింప్లిఫై టూల్‌లో డిస్టెన్స్ (డగ్లస్-ప్యూకర్), ఏరియా (విశ్వలింగం) రెండూ నడపండి. ఏరియా హద్దు పెంచుతూ పోతే సముద్రంలోకి పొడుచుకొచ్చిన రేవు గోడల్లాంటివి ముందే అరిగిపోతాయి, పెద్ద ఒంపులు మిగులుతాయి. డిస్టెన్స్‌లో గోడ నిలబడుతుంది గానీ మిగతా తీరం రంపప్పళ్లలా తయారవుతుంది, ఒక్కోసారి గీత తనను తానే దాటేస్తుంది కూడా. కంటికి నచ్చే మ్యాపుకు నా ఓటు విశ్వలింగానికే. రేవు కనపడాలంటే మాత్రం కాదు. అన్నట్టు, డేటా ఈపీఎస్‌జీ 4326లో, అంటే అక్షాంశ రేఖాంశాల్లో, ఉంటే టాలరెన్స్ డిగ్రీల్లో పడుతుంది. ఒక డిగ్రీ అక్షాంశమంటే సుమారు 111 కిలోమీటర్లు! ముందు మీటర్లలో కొలిచే యూటీఎం 44 నార్త్‌కు మార్చుకోండి.

పాయింట్లు తీసేస్తే గీత పొట్టిదవుతుందే తప్ప పొడుగవదు. గ్రూప్స్ రాసేవాళ్లకూ ఇది పనికొస్తుంది: దేశ తీరరేఖ 7,516.6 నుంచి 11,098.81 కిలోమీటర్లకు, మన రాష్ట్రానిది 973.7 నుంచి 1,053.07కు మారింది. సముద్రం కొత్తగా ఒడ్డునేమీ ఇవ్వలేదు. ఇంకా వివరమైన స్కేలులో, అంటే 1:2,50,000లో, కొలిచారు, అంతే.

ఇంటర్వ్యూలో తడబడే చోటు సరిహద్దులు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాలిగాన్‌లను (హద్దు గీసిన ఆకారాలను) విడివిడిగా సింప్లిఫై చేస్తే ఉమ్మడి హద్దులో ఒక్కోదానికి ఒక్కో పాయింట్ మిగిలి, మధ్యలో సందులు, అతివ్యాప్తులు వస్తాయి. పోస్ట్‌జీఐఎస్‌లో (మ్యాప్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్) ఎస్‌టీ_సింప్లిఫైప్రిజర్వ్‌టోపాలజీ అనే ఫంక్షన్ వాడితే సరిపోతుందని చాలామంది అంటారు. పేరు చూసి మోసపోవద్దు, అది ఏ పాలిగాన్‌కా పాలిగాన్ చెడకుండా చూస్తుందంతే, పక్క జిల్లాతో దానికి పనిలేదు. ఉమ్మడి హద్దు కోసం 3.4 వెర్షన్‌లో ఎస్‌టీ_కవరేజ్‌సింప్లిఫై వచ్చింది. మీ లాప్‌టాప్‌లో పాత వెర్షనుంటే మ్యాప్‌షేపర్ అనే టూల్ బ్రౌజర్‌లోనే ఆ పని చేసిపెడుతుంది.