సొరపువ్వు డ్యూటీ

ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టర్‌ని. తెల్లారుజామున నాలుగున్నర సర్వీసే ఎక్కువగా చేశాను. రిటైరయ్యాక కూడా మూడున్నరకే మెలకువ వచ్చేది, లేచి చేసేదేమీ లేకపోయినా. పగలు పేపరుతో, టీవీతో ఎలాగో గడిచేది. దీపాలు పెట్టే వేళకి మాత్రం గుండెల్లో ఏదో బిగపట్టినట్టుండేది. ఈసీజీ బాగుందన్నారు. ఆఖరికి మా అమ్మాయి మానసిక వైద్యుడికి చూపించింది. ఆయన మాత్రలు రాసి, సాయంత్రం పూట ఏదో ఒక పని పెట్టుకోమన్నారు.

గుంటూరులో మా డాబా మీద పాత పెయింటు డబ్బాలు పడున్నాయి. అడుగున చిల్లులు పెట్టి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాను. తోటకూర నెల తిరక్కుండానే పప్పులోకి వచ్చింది. సొరపాదే ఏడిపించింది. పిందెలు వేలెడైనా కాకముందే పసుపుబారి రాలిపోయేవి. మా ఆవిడ దిష్టి అనుకుని నిమ్మకాయ కట్టింది.

కింది వాటాలో అద్దెకుండే కుర్రాడు అగ్రికల్చర్ చదివాడు. "బాబాయ్‌గారూ, ఈ పువ్వు విచ్చుకునేదే పొద్దుగూకాక. రాత్రి తిరిగే పురుగులు ఇంత ఎత్తుకి రాకపోతే మీరే పుప్పొడి అంటించాలి" అని చేసి చూపించాడు. మగపువ్వుకి ఉత్త కాడే ఉంటుంది, ఆడపువ్వు కింద బుల్లి పిందె ఉంటుంది. మగపువ్వు తెంపి, రేకలు వలిచేసి, మధ్యలోది ఆడపువ్వుకి మెల్లగా రాయాలి. పొద్దున చూద్దాంలే అంటే వాడిపోతుంది. ఆరున్నరకల్లా డాబా మీద ఉండాల్సిందే.

డ్యూటీ పడిందన్నమాట! రాసిన పువ్వుకల్లా ఎర్రదారం కట్టేవాణ్ణి. నాలుగో రోజుకి ఒక పిందె నూగుతో నిగనిగలాడుతూ బొటనవేలంత అయింది. ఆ రాత్రి అన్నం తింటుంటే తట్టింది, సాయంత్రం గుండె బిగపట్టనేలేదని.

తోట పెడితే మనసు ప్రశాంతం అనేవాళ్లు మొక్కకి తెల్లపిండిలా పట్టే పురుగు, పిండినల్లిని చూసుండరు. రెండు డబ్బాల బెండ దానికే పోయింది, రెండు రాత్రులు నాకు నిద్ర పోయింది. ఇప్పుడు లీటరు నీళ్లకి అయిదు మిల్లీల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి కొడుతున్నా.

మా అమ్మాయి నర్సు. రోజర్ ఉల్రిక్ అనే అమెరికా పరిశోధకుడు 1984లో రాసిన సంగతి తనే చెప్పింది. పెన్సిల్వేనియాలో పిత్తాశయం ఆపరేషనైన 46 మందిని చూస్తే, కిటికీలోంచి చెట్లు కనబడ్డ 23 మంది, ఇటుకగోడ కనబడ్డ 23 మందికన్నా ముందే ఇంటికెళ్లారట, నొప్పికి ఘాటు మందులూ తక్కువే పట్టాయట. కిటికీ సీటు కోసం తన్నుకున్న నా ప్యాసింజర్లు గుర్తొచ్చారు. ఎంతమందిని విసుక్కున్నానో!

మాత్ర మానలేదు. డాక్టరుగారే సగానికి తగ్గించారు.

ఆరూ ఇరవై అయింది. ఇవాళ ఆడపూలు రెండున్నాయి, మగపువ్వు ఒక్కటే. ఒక టికెట్టు మీద ఇద్దర్ని నా సర్వీసులో ఎన్నడూ ఎక్కించలేదు, ఇవాళ తప్పేలా లేదు.