ట్రెవర్ హార్న్ బిగించిన స్నేర్

హైదరాబాద్‌లో ప్రొడ్యూసర్ అనగానే ఫిల్మ్‌నగర్ గుర్తుకు వస్తుంది. డబ్బు పెట్టి సినిమా తీసే పెద్దమనిషి మనసులో మెదులుతాడు. రాక్ సంగీతంలో ఆ మాటకు అర్థం వేరు. స్టూడియోలో అద్దానికి ఇవతల కూర్చుని, ఏ పాట తీసుకోవాలి, ఏ వాద్యం ఎంత వినిపించాలి, ఏది వదిలివేయాలి అన్నవి తేల్చే మనిషిని అక్కడ ప్రొడ్యూసర్ అంటారు. ఆ పని ఎంత పెద్దదో నాకు ఒక పాత క్యాసెట్ వల్ల తెలిసింది.

1990ల మధ్యలో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల గుట్టల పక్కన, యెస్ అనే బ్రిటిష్ రాక్ బృందం ‘90125’ ఆల్బమ్ క్యాసెట్ దొరికింది. అప్పటికి నాకు తెలిసిన యెస్ 1972 నాటి ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ను చేసిన యెస్, అందులో ఒక వైపు మొత్తం 18 నిమిషాలకు పైగా సాగే ఒకే పాట ఉంటుంది. ఆ ధ్యాసలోనే ఈ క్యాసెట్ పెట్టిన నేను, మొదటి పాట ‘ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్’ మొదలవగానే, డబ్బాలో వేరే బృందం క్యాసెట్ పెట్టి అమ్మారేమోనని దాన్ని బయటికి తీసి, మీద ఉన్న పేరు మరోసారి చదువుకున్నాను.

ఆ మార్పు వెనుక ఉన్న మనిషి ట్రెవర్ హార్న్. బగుల్స్ పేరుతో 1979లో ‘వీడియో కిల్డ్ ది రేడియో స్టార్’ పాడి పేరు తెచ్చుకున్నది ఆయనే. మరుసటి ఏడాది గాయకుడు జాన్ ఆండర్సన్, కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ యెస్‌ను విడిచి వెళ్లగా, హార్న్, ఆయన సహచరుడు జెఫ్ డౌన్స్ ఆ ఖాళీల్లోకి వచ్చారు. ‘డ్రామా’ ఆల్బమ్ వరకు బాగానే సాగింది కానీ, కచేరీల్లో ఆండర్సన్ ఎత్తు శ్రుతిలో పాడిన పాత పాటలను రాత్రి తరువాత రాత్రి పాడవలసి వచ్చేసరికి హార్న్ గొంతు నిలవలేదు. కొన్ని నెలలకే బృందం చెదిరిపోయింది. వేదిక మీద ఓడిపోయిన ఆ గాయకుడే మూడేళ్లు తిరగకముందే అదే మనుషులకు ప్రొడ్యూసర్‌గా వచ్చి కూర్చోవడం నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. ఆ సంగీతంలో ఏది బరువో, ఏది బలమో లోపలి నుంచి ఎరిగిన మనిషి ఆయన.

నిజానికి ‘90125’ యెస్ ఆల్బమ్‌గా మొదలుకాలేదు. బాస్ వాయించే క్రిస్ స్క్వైర్, డ్రమ్స్ వాయించే అలన్ వైట్, జొహానెస్‌బర్గ్ నుంచి వచ్చిన గిటారిస్టు ట్రెవర్ రేబిన్ కలిసి ‘సినిమా’ అనే కొత్త బృందం పెట్టుకున్నారు. పాత కీబోర్డు వాద్యకారుడు టోనీ కేయ్ వారితో చేరాడు. పని చాలావరకు అయ్యాక స్క్వైర్ ఆ టేపులను ఆండర్సన్‌కు వినిపించడం, ఆయన తిరిగి వచ్చి పాడడం, దానితో పాత పేరు కూడా తిరిగి రావడం జరిగాయి. అట్ట మీద పేరుగా కంపెనీ కేటలాగ్ నంబరునే ఉంచేశారు.

‘ఓనర్’ రేబిన్ తన ఇంట్లో కట్టుకున్న నమూనా పాట. దాన్ని తీసుకొని తీరాలని హార్న్ పట్టుబట్టాడు. ఫెయిర్‌లైట్ అనే కంప్యూటర్ వాద్యంలో చిన్న చిన్న ధ్వనులను నింపుకుని, పాట మధ్యలో ఉన్నట్టుండి బాకాల మోతలా, పిడుగు పడ్డట్టు వదిలాడు. ఇప్పటి పాటల్లో అది మామూలు విషయం. 1983లో పేరుమోసిన పాత రాక్ బృందం పాటలో అలా వినిపించడం ఎంత సాహసమో, అంతకుముందటి రికార్డులు విన్నవారికి తెలుస్తుంది.

నాకు మాత్రం ఆ పాటలో ప్రాణం స్నేర్ డ్రమ్, అంటే డ్రమ్స్ సెట్‌లో చురుక్కున మోగే చిన్న డ్రమ్ము. చిక్కడపల్లిలో మా బాబాయి మృదంగం వాయించేవారు. కచేరీకి ముందు తంబూరా పక్కన కూర్చుని, గుండ్రాయితో, చిన్న కర్రముక్కతో మృదంగం అంచు చుట్టూ తట్టుతూ, ఒక్కో చోట వేలితో మీటి వింటూ, ఎక్కడా తేడా లేదనిపించే వరకు వదిలేవారు కాదు. ఒక సాయంత్రం నేను ఈ పాట వింటుండగా గుమ్మంలో నిలబడి, చివరిదాకా విని, “ఒరేయ్, వీళ్ల డ్రమ్ము శ్రుతిలో ఉందిరా!” అన్నారు. పాశ్చాత్య డ్రమ్ములకు శ్రుతి ఏమిటని నేను వాదించాను. చాలా ఏళ్ల తరువాత, హార్న్ ఆ స్నేర్‌ను ‘ది పోలీస్’ అనే రాక్ బృందం రికార్డుల్లో వినిపించే తీరులో బాగా బిగించి, పాట శ్రుతికి కలిపించాడని చదివినప్పుడు బాబాయి నిలబడిన ఆ గుమ్మమే కళ్ల ముందు కదిలింది. లావుపాటి, గంభీరమైన మోతకు అలవాటుపడిన అలన్ వైట్ లాంటి వాద్యకారుడిని ఆ సన్నని, చురుకైన దెబ్బకు ఒప్పించడం చిన్న పని కాదు.

1984 జనవరిలో ఆ పాట అమెరికా బిల్‌బోర్డ్ పత్రిక పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. యెస్‌కు అక్కడ ఆ స్థానం దక్కింది ఆ ఒక్కసారే. అదే ఆల్బమ్‌లోని ‘లీవ్ ఇట్’లో గొంతులను పేర్చిన తీరు కూడా అంతే అందంగా ఉంటుంది. ‘అవర్ సాంగ్’ నన్ను ఎప్పుడూ కదిలించలేదు. రెండు నిమిషాలకు కాస్త పైన సాగే ‘సినిమా’ అనే వాద్య సంగీతానికి గ్రామీ వచ్చింది. పాత యెస్ ఎక్కడికీ పోలేదని నాకు నమ్మకం కలిగించింది ఆ కొద్ది నిమిషాలే.

తరువాతి ఆల్బమ్ ‘బిగ్ జెనరేటర్’కు కూడా హార్న్‌తోనే మొదలుపెట్టారు కానీ ఆయన మధ్యలో తప్పుకున్నాడు. 1987లో అది వచ్చేనాటికి ఆ భారం ఎక్కువగా రేబిన్ మీద పడింది. మంచి పాటలున్నా, వింటున్నంతసేపూ, ఇది చాలు, ఇది తీసెయ్యండి అని చెప్పే మనిషి ఆ గదిలో లేడన్న సంగతి నాకు తెలుస్తూనే ఉంటుంది.