గుణింతం లేని చదువు

చెన్నైకి వచ్చిన కొత్తలో బస్సు బోర్డులు చూస్తూ తమిళం నేర్చుకున్నాను. క, గ రెండింటికీ ఒకటే అక్షరమా అని అప్పట్లో తెగ విసుక్కునేదాన్ని. అరబిక్ మొదలుపెట్టాక ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను.

నేను పనిచేసే ఆసుపత్రికి ఒమన్ నుంచి రోగులు వస్తారు. మాట్లాడడానికి దుబాసీ ఉన్నారు గానీ, ప్రతి కాగితానికీ ఆయన కోసం ఎదురుచూడడం నాకు నచ్చదు. అందుకని నలభై దాటాక ట్రిప్లికేన్‌లో ఒక మాస్టారి దగ్గర చేరాను. ఆయనది కడప, పాఠం తెలుగులోనే. నా తోటి విద్యార్థులు ఏడెనిమిదేళ్ల పిల్లలు. బా, తా, సా మూడింటికీ గీత ఒకటే, తేడా అంతా చుక్కల్లోనే. నేను తడుముకుంటుంటే "ఆంటీ, చుక్క కింద ఉంది!" అని దిద్దుతారు.

అక్షరాలు 28. కుడి నుంచి ఎడమకు చదవడం త్వరగానే అలవాటవుతుంది. చిక్కంతా అచ్చులతోనే. మనకు హల్లు వెంట గుడో కొమ్మో ఉంటుంది. అక్కడ పొట్టి అచ్చులు రాయరు. ఖురాన్‌లో, పిల్లల వాచకంలో వాటికి జబర్ (అ), జేర్ (ఇ), పేష్ (ఉ) గుర్తులు పెడతారు. పత్రికల్లో, ఆసుపత్రి కాగితాల్లో అవి ఉండవు. క, త, బ అనే మూడు హల్లులే కతబ (రాశాడు) కావచ్చు, కుతుబ్ (పుస్తకాలు) కావచ్చు. వాక్యాన్ని బట్టి తేల్చుకోవాలి. "మాటలు పోగేసుకోమ్మా, గుర్తులు వాటంతట అవే కనిపిస్తాయి" అంటారు మాస్టారు.

పేర్ల సంగతి ఇంకా తమాషా. ఉమర్, అమ్ర్ రెండూ ఐన్, మీమ్, రా అక్షరాలే. కలిసిపోకుండా అమ్ర్ చివర ఒక వావ్ తగిలిస్తారు, దాన్ని పలకకూడదు. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఇద్దరు మనుషులను వేరుచేసేది ఆ మూగ అక్షరమే. దాన్ని పెట్టినవారికి ఒక దండం.

అంకెలను మాత్రం ఎడమ నుంచి కుడికే చదవాలి. వాళ్ల అయిదు అచ్చం మన సున్నాలా ఉంటుంది, వాళ్ల సున్నా ఒక చుక్క. పెద్దవాళ్లు ఇంట్లో చూసుకున్న షుగర్ లెక్కలు నోటుపుస్తకంలో రాసి తెస్తారు. నిలువు గీత, గుండ్రం, చుక్క ఉంటే అది 150. అలవాటు లేని కన్ను దాన్ని 10 అని చదివి చుక్కను వదిలేస్తుంది. షుగర్ విషయంలో అది చిన్న తేడా కాదు.

అచ్చువేసిన రాత కాస్త పట్టుబడేసరికి చేతిరాత ఎదురైంది. రుక్ఆ అనే రాతలో రెండు చుక్కలు కలిసి అడ్డగీత అవుతాయి, మూడు చుక్కలు చిన్న టోపీ అవుతాయి. చుక్కలు లెక్కపెట్టే నా విద్య అక్కడ చెల్లదు. మాస్టారు తన పాత ఉత్తరాల కట్ట ఒకటి ఇచ్చారు. మొదటి ఉత్తరంలో సలాములు దాటి విషయంలోకి వచ్చాను. ఎవరికో ఇల్లు అద్దెకు కావాలట.