కావలి దాకా ఎడ్వర్డు

నెల్లూరులో రంగనాయకుల గుడి చూశాను, పెన్న ఒడ్డున కాసేపు కూర్చున్నాను, ట్రంకురోడ్డు ట్రాఫిక్‌ని తిట్టుకున్నాను. వాటి గురించి రాయను, తెలియనివాళ్లెవరు గనక. చేపల పులుసు భోజనానికి 320 తీసుకున్నారన్న ఏడుపు మాత్రం ఇంకా తీరలేదు. ముక్కలు రెండే, అందులో ఒకటి తోక. ఆ డబ్బుతో మా ఒంగోల్లో ఇద్దరం తినేవాళ్లం.

అసలు వెళ్లింది సినిమాకి. మా ఫ్రెండూ, వాడితో ఉండే అబ్బాయీ కలిసి ప్రొజెక్టర్ కొన్నారు. పేట పేరు చెప్పను. కింద ఉండే ఓనరు దృష్టిలో వాళ్లు రూమ్మేట్లు, ఇళ్లల్లో వాళ్లకీ అంతే. ఆ రాత్రి గోడమీద వేసింది బ్రిటిష్ దర్శకుడు డెరెక్ జార్మన్ 1991లో తీసిన 'ఎడ్వర్డ్ ది సెకండ్'. క్రిస్టఫర్ మార్లో నాలుగు వందల ఏళ్ల కిందట ఇంగ్లీషులో రాసిన చారిత్రక నాటకమే దానికి ఆధారం. ఇంగ్లండు రాజు ఎడ్వర్డుకి గావెస్టన్ అంటే ప్రాణం. తండ్రి వెళ్లగొట్టినవాణ్ణి, తాను గద్దె ఎక్కగానే పిలిపించి కార్న్‌వాల్ ప్రభువుని చేస్తాడు. మిగతా ప్రభువులూ మతగురువులూ తిరగబడతారు. మొగుడు పట్టించుకోని రాణి ఇసబెల్లా వాళ్లతో చేతులు కలుపుతుంది. గావెస్టన్‌ని చంపుతారు, ఆ తర్వాత రాజునీ.

కోటలు, గుర్రాలు ఉంటాయనుకుని కూర్చుంటే ఏమీ లేవు. బోసి రాతి గోడలు, మట్టి నేల, సూట్లేసుకున్న ప్రభువులు. గావెస్టన్‌ని దేశంనుంచి పంపేసేటప్పుడు మతగురువులు రెండు వరసల్లో నిలబడి, మధ్యలోంచి నడిచిపోయేవాడి మీద ఉమ్ముతారు. రాజు పక్షాన పోరాడే సైన్యమేమో ప్లకార్డులు పట్టుకున్న ఈనాటి ఉద్యమకారులు. 1988లో బ్రిటన్‌లో థాచర్ ప్రభుత్వం, స్వలింగ ప్రేమని స్థానిక సంస్థలు ప్రోత్సహించకూడదని చట్టం తెచ్చింది. ఆ కోపమంతా సినిమాలో ఉంది. జార్మన్ తనకు హెచ్ఐవీ ఉందని దాచకుండా చెప్పి, ఒంట్లో బాగాలేకపోయినా తీశాడు. 1994లో పోయాడు.

విడిపోయే ముందు రాజూ గావెస్టనూ పైజమాల్లో డాన్స్ చేస్తారు, పక్కన నిలబడి ఆనీ లెనాక్స్ పాడుతుంది. మా ఫ్రెండు సౌండ్ తగ్గించాడు. ముద్దు సీను వచ్చిన ప్రతిసారీ ఆ అబ్బాయి లేచి, అప్పటికే మూసున్న కిటికీ గడియ మళ్లీ చూసొచ్చాడు. ఊపిరాడని ఉక్క. ఫ్యాను గాలికి గోడమీది దుప్పటి ఊగి రాజు మొహం వంకర్లు పోతోంది.

మర్నాడు ఒంగోలు బస్సు. సీటు దొరకడమే గొప్ప. పక్కన ఎనభైకి దగ్గరపడ్డ పెద్దాయన, కాళ్ల మధ్య రేకు పెట్టె. అందులో సవరాలు, జరీ చీరలు ఉన్నాయట. ఒకప్పుడు పద్యనాటకాల్లో ఆడవేషాలు కట్టేవాడు, ఇప్పుడు కుర్రవాళ్లకి అద్దెకిస్తున్నాడు. కోవూరు దాటకముందే నేనెందుకొచ్చిందీ లాగేశాడు. కథంతా చెప్పించుకున్నాడు, కిటికీ గడియ సంగతితో సహా. విని అడిగిన మొదటి మాట:

"ఆ గావెస్టన్‌ది ఏ కులం అబ్బయ్యా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంగ్లండు రాజు కథ చెప్పినా మనకి కావల్సింది ఇదేనా! కానీ మార్లో నాటకంలో ప్రభువుల గోలా సరిగ్గా ఇదే. ఆ ప్రభువుల్లో పెద్ద మోర్టిమరు, గొప్ప గొప్ప రాజులకే ఇలాంటి స్నేహితులు ఉన్నారు పోనిమ్మని అలెగ్జాండర్ పేరు కూడా తీస్తాడు. చిన్న మోర్టిమరు, రాజు సరసంతో నాకు పేచీ లేదు, పుట్టుక తక్కువవాడు మా నెత్తినెక్కి దేశం సొమ్ము తగలెయ్యడమే మండుతోంది అంటాడు. పెద్దాయనకి ఇదంతా చెప్తే ఆశ్చర్యమేం పడలేదు. "ప్రతాపరుద్రీయంలో చాకలి పేరిగాణ్ణి రాజని గద్దెమీద కూచోబెడితే జనం పడీపడీ నవ్వుతారు. నిజంగా కూచోనుంటే నవ్వుంటారా?" అన్నాడు. వేదం వేంకటరాయశాస్త్రిగారు ఆ నాటకం రాసింది 1897లో, దాన్ని ఆడించడానికి సమాజం పెట్టింది ఈ నెల్లూరులోనే. ఆ పేరిగాణ్ణి తల్చుకుని నేనూ చాలాసార్లు నవ్వాను, ఈ ప్రశ్న మాత్రం నాకెప్పుడూ రాలేదు.

కొడవలూరు దగ్గర బస్సు ఎందుకో చాలాసేపు ఆగిపోయింది. ఎందుకని అడిగినవాడూ లేడు, చెప్పినవాడూ లేడు. ఈలోగా ఆయన రాణి సంగతి పట్టుకున్నాడు. వేసినామె టిల్డా స్వింటన్ అని, ఆ వేషానికి వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్లో ఉత్తమ నటి అవార్డు వచ్చిందని చెప్పాను.

"ఆడమనిషే వేసిందా? ఇంకేం గొప్ప!"

మార్లో రోజుల్లో ఆ వేషం మగపిల్లలే కట్టేవాళ్లంటే మాత్రం పెద్దాయన మొహం వెలిగిపోయింది. రాణి తన మరిది మెడ కొరికి చంపే సీను రెండోసారి చెప్పించుకుని, బస్సులోనే తల పక్కకి వాల్చి, చూపు మార్చి చూపించాడు. ముందు సీట్లో పాప అమ్మ ఒళ్లోకి దూరిపోయింది.

చావు సంగతీ అడిగాడు. నాటకంలో ఘోరంగా చంపుతారు. జార్మన్ దాన్ని ఒక పీడకలలా చూపించి, ఆ తర్వాత చంపడానికొచ్చినవాడు కాల్చిన ఇనపకడ్డీ నీళ్లలో పారేసి రాజుని ముద్దు పెట్టుకున్నట్టు మార్చేశాడు. "అట్టా చేస్తే కరుణ రసం పోదా?" అన్నాడు. నాకు ఆ మార్పే నచ్చింది. చచ్చిపోయే కథలు చాలానే చూశాం. ఆయన ఒప్పుకోలేదు.

కావలి వస్తుండగా పెట్టె సర్దుకుంటూ గొంతు తగ్గించాడు.

"మీ ఫ్రెండూ, ఆ కిటికీ అబ్బాయీ... ఒకటే కులమా?"

కాదన్నాను.

"అయితే ఓనరుతో కాదబ్బయ్యా, ఇళ్లల్లో వాళ్లతోనే జాగర్తగా ఉండమను."

నేను జవాబు వెతుక్కునే లోపల, పెట్టెకి లగేజీ టికెట్టు తీసుకోలేదని కండక్టరు పట్టుకున్నాడు. పెద్దాయన తగ్గలేదు. స్టేజీ మీద పద్యం ఎత్తుకున్నంత గొంతుతో ఇరవై రూపాయల కోసం పోట్లాడాడు, చివరికి పదికి బేరం తెగ్గొట్టి దిగాడు.