గిన్నెల మీద చుక్కల అక్షరాలు

మొన్న పండక్కి ఊరెళ్తే అమ్మ అటక మీద సామానంతా దింపించింది. దింపడం నా పని, తోమడం ఆవిడ పని, మధ్యలో ప్రతి గిన్నె తిరగేసి చూస్తూ కూర్చోవడం కూడా నా పనే అయిపోయింది, ఎందుకంటే ప్రతిదాని మీదా ఏదో ఒకటి రాసుంది. పేర్లు, ఇంటిపేరు పొడి అక్షరాలు, తేదీలు, ఒకదాని మీద "గృహప్రవేశం" అని, ఇంకోదాని మీద "వివాహ శుభాకాంక్షలతో" అని, అదీ చోటు చాలక "లతో" కింద లైన్లోకి జారిపోయి. ఇన్నేళ్ళూ వాటిల్లోనే తిన్నాను గానీ వాటిని చదవాలని ఎప్పుడూ తోచలేదు.

చేత్తో రాసిన అందమైన అక్షరాలంటే నాకు మామూలుగా బాపు గారే గుర్తొస్తారు, మీలో చాలామందికీ అంతే అనుకుంటా. ఆయన చేతిరాత ఫాంటయిపోయి పెళ్ళికార్డుల్లోకి ఎక్కేసింది. ఆ తర్వాత లారీల వెనక రాతలు, సినిమా పోస్టర్లు. ఈ లిస్టులో స్టీల్ సామాను షాపు ముందు పీటేసుకుని కూర్చునే మనిషి ఎప్పుడూ లేడు. అసలు ఆ పనిని మనం రాయడం అని కూడా అనం కదా, "పేరు కొట్టించావా?" అంటాం.

నేను చిన్నప్పుడు చూసింది చెప్తా. బిల్లు కడుతుంటే షాపతను పేరేం కొట్టాలి అని అడిగేవాడు, అమ్మ చీటీ మీద రాసిచ్చేది. పీట మీదాయన గిన్నెని రెండు పాదాల మధ్య బిగించి, వేలెడంత ఉలి ఒక చేత్తో, బుల్లి సుత్తి ఇంకో చేత్తో, టకటకటక మొదలెట్టేసేవాడు. ముందు పెన్సిల్‌తో గీసుకోవడం లేదు, కొలతల్లేవు, చీటీ వైపు ఒక్క చూపు అంతే. ఆ ఉలి గీత గియ్యదు, చుక్క పెడుతుంది. చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ గిన్నెని కొంచెం కొంచెం తిప్పుకుంటూ పోతే సున్నా చుట్టుకొచ్చేస్తుంది, దాని మీద మూడో నాలుగో చుక్కలు పైకి లేపితే తలకట్టు. తప్పు పడితే చెరపడానికి లేదు, స్టీలు మీద పడ్డ దెబ్బ పడ్డట్టే.

తప్పు పడేది కూడా. మా నాయనమ్మ పేర్లో లక్ష్మి ఉంది. ఆ "క్ష్మి" అనేది ఇంగువ డబ్బా సైజు గిన్నె మీద చుక్కల్తో కొట్టడమంటే మాటలా, కింద "మ" వత్తు కూడా ఇరికించాలి. ఒక సెట్టు గిన్నెలన్నిటి మీదా శుభ్రంగా "లష్మి" అని ఉంది. నాయనమ్మని ఎప్పుడో అడిగితే, "నా గిన్నెని నేను గుర్తుపడితే చాల్లేరా, అదేమన్నా పరీక్ష పేపరా" అంది.

ఆవిడ చెప్పిందే అసలు పాయింటు. పెళ్ళికో తద్దినానికో పక్కింటి నుంచి తపేలాలు, పళ్ళేలు తెచ్చుకునేవాళ్ళు, కూర చేస్తే గిన్నెడు అటు వెళ్ళేది, వాళ్ళ పచ్చడి ఇటు వచ్చేది. అన్నీ ఒకే షాపు సరుకు, పేరు లేకపోతే ఏది ఎవరిదో దేవుడికే ఎరుక.

సరే, అమ్మ తోమి బోర్లించాక ఎండలో ఒకటి గమనించా. సబీనా పొడి ఆ చుక్కల్లో ఇరుక్కుని ఆరిపోయి, అక్షరాలు తెల్లగా బయటపడ్డాయి. తడిగా ఉన్నప్పుడు అస్సలు కనపడనివి కూడా. అది చూడగానే నాకు తాళపత్రాలు గుర్తొచ్చాయి. తాటాకు మీద రాసేటప్పుడు ఇంకు ఉండదు, గంటంతో గీరుతారు, అప్పుడు చూస్తే ఏం రాశారో సరిగ్గా కనపడదు. తర్వాత ఆకుపసరులో మసి కలిపి రుద్ది తుడిచేస్తే గీతల్లో నలుపు నిలబడిపోయి అక్షరం పైకి తేలుతుంది. మా అమ్మ చేసింది కూడా అదే కదా, మసి బదులు సబీనా! చెప్తే ఆవిడ ఏమాత్రం ఇంప్రెస్ అవలేదు, మూతలు తుడిచి పెట్టమంది.

తాటాకు మీద ఈనెల వెంట తిన్నగా గీస్తే ఆకు చీలుతుందని, అందుకే మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయని అంటారు. (తమిళం వాళ్ళూ తాటాకుల మీదే రాశారు, వాళ్ళవి మాత్రం అన్ని కోణాలేంటో మరి. నేనైతే ఈ థియరీని సగమే నమ్ముతా.) కానీ గుండ్రటి అక్షరం చుక్కలకి భలే కుదురుతుంది. అదే షాపులో ఇంగ్లీషులో కొట్టిన పేర్లు చూడండి, చుక్క ఒక్కటి పక్కకి జరిగినా నిలువు గీత వంకర తెలిసిపోతుంది. "ల" లో చుక్క జరిగితే అదో రకం "ల" అనుకుంటాం.

అయినా లోహం మీద పేరు కొట్టడం మనకి కొత్తేం కాదు. వేంగి చాళుక్యుల రాగి శాసనాలు ఉంటాయే, రేకులన్నీ ఒక కడియానికి గుచ్చి, దానికి వరాహం బొమ్మతో "త్రిభువనాంకుశ" అని బిరుదున్న ముద్ర. ఈ ఊరు ఫలానావాళ్ళకి ఇచ్చాం, ఇచ్చింది మేమే అని చెప్పడానికి. అన్నమయ్య కీర్తనలు మనదాకా వచ్చాయంటే కూడా ఆయన కొడుకు పెదతిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళో దాచబట్టే. రాతి సంగతికొస్తే, మొదటి తెలుగు శాసనం అని మనం చెప్పుకునే కడప జిల్లా కలమళ్ళ శాసనం, 575 నాటిది, అందులోనూ మొదట కనపడేది ఒక పేరే, ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది.

ఆ రాగి శాసనాల్లో చాలావాటికి రేకు అంచులు కాస్త పైకి లేపి ఉంటాయి, ఒకదానికొకటి రాసుకుని అక్షరం అరిగిపోకుండా. మా ఇంట్లోనూ అంతే, అంచు కింద సందులో కొట్టిన పేర్లు ఇప్పటికీ బావున్నాయి, పొట్ట మీద కొట్టినవి అరిగిపోయాయి. ఇత్తడి వాటి పరిస్థితి మరీ ఘోరం, చింతపండు, ఇటుకపొడి వేసి ఏళ్ళ తరబడి తోమితే ఏం మిగులుతుంది. నాయనమ్మ సారెలో వచ్చిన గుండిగ మీద వేలు పెట్టి తడిమితే ఏదో ఉన్నట్టు తెలుస్తుంది, కంటికి మాత్రం ఆనదు.

తర్వాత కరెంటు మిషన్ వచ్చింది, పెన్నులా పట్టుకుని జుయ్యిమంటూ గీసేది. చుక్కలు పోయి గొలుసుకట్టు గీతలొచ్చాయి. నాకది నచ్చదు, బ్యాంకు ఫారం మీద హడావిడిగా పెట్టిన సంతకంలా ఉంటుంది. ఇప్పుడు లేజర్‌తో ఫోటో కూడా వేసిస్తున్నారు. నీట్‌గానే ఉంటుంది, కాదనను, కానీ వంద రిటర్న్ గిఫ్టుల మీదా వంద "శ్రీ"లు ఒకేలా ఉంటే రెండోది చూడబుద్ధి కాదు.

చివర్లో ఒక మరచెంబు, ఒక మూతలేని డబ్బా మిగిలాయి. డబ్బా మీద "కె.వి." అని ఉంది, పక్కన 1974. మా ఇంట్లో ఆ అక్షరాలవాళ్ళు ఎవరూ లేరు. అటు నాయనమ్మ వైపూ లేరు, ఇటు అమ్మ వైపూ లేరు. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామా అంటే అమ్మ నా చేతిలోంచి లాక్కుని, "ఎవరిదో ఏంటో, అడిగితే ఏం చెప్తాం" అని మళ్ళీ అటక మీద పెట్టించింది.