అటాచ్‌మెంట్ తెరిచినందుకు నింద రాలేదు

మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఉన్న మెయిల్ అటాచ్‌మెంటును తెరిచిన అకౌంట్స్ ఉద్యోగినికి మా పైఅధికారి సమావేశంలో అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పినప్పుడు నేను నిర్ఘాంతపోయాను. తెరిచిన కొద్ది నిమిషాల్లోనే ఆమె తనంతట తానుగా ఫోన్ చేసి చెప్పిందట, అందుకు. స్వదేశంలో నేను పనిచేసిన చోట మొదటి ప్రశ్న "ఎవరు తెరిచారు?" అన్నదే, జవాబు దొరికేలోగా మెయిల్ డిలీట్ అయ్యేది, భయంతో ఎవరో కంప్యూటర్‌ను ఆపేసేవారు.

అలా ఆపేస్తే ఎంత ఆధారం పోతుందో నాలా మాల్వేర్‌ను పరిశీలించే పని చేసేవారికి తెలుసు. ఫైల్‌లో ఇమిడిన చిన్న ప్రోగ్రామ్ అయిన మాక్రో, విండోస్‌కు ఆదేశాలిచ్చే పవర్‌షెల్‌ను నడిపిస్తే, అది దించుకున్న అసలు కోడ్ చాలాసార్లు డిస్కు మీద పడకుండా మెమరీలోనే విప్పుకొని పనిచేస్తుంది. యంత్రం ఆగిన మరుక్షణం ఆ కోడూ, అది మాట్లాడుతున్న సర్వర్ల చిరునామాలూ చెరిగిపోతాయి. మిగిలిన ఫైల్‌ను శాండ్‌బాక్స్‌లో, అంటే విడిగా ఉంచిన పరీక్షా కంప్యూటర్‌లో నడిపి చూద్దామంటే, అది అసలు కంప్యూటర్ కాదని, సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన వర్చువల్ మెషీన్ అని పసిగట్టి కదలకుండా ఉండిపోవచ్చు, లేదా రెండో భాగమైన ఆ అసలు కోడ్‌ను అందించే సర్వర్ అప్పటికే మూతపడి ఉండవచ్చు. ఇక్కడ నెట్‌వర్క్ మాత్రం తెంచి, యంత్రం నడుస్తుండగానే మెమరీ కాపీ తీసుకోగలిగాం.

అయినా మనవాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. 2014లో బ్యాంకు వివరాలు దొంగిలించే బ్యాంకింగ్ ట్రోజన్‌గా మొదలైన ఎమోటెట్ అనే మాల్వేర్, తరువాతి కాలంలో దొంగిలించిన పాత మెయిళ్లకే జవాబుగా తన ఫైల్‌ను పంపేది. తెలిసినవారితో నిన్నటిదాకా సాగిన మాటకు కొనసాగింపుగా వచ్చినదాన్ని తెరవడం అజాగ్రత్త ఎలా అవుతుంది? ఫోన్లలోనూ ఇంతే. చూపు లేనివారికి తోడ్పడే యాక్సెసిబిలిటీ అనుమతిని మోసపు యాప్ అడిగి పుచ్చుకుని, తెర మీది అక్షరాలు చదువుతుంది, బటన్లు తానే నొక్కుతుంది. 2022లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి వచ్చే ఆఫీస్ ఫైళ్లలో మాక్రోలను తనంతట తానే అడ్డుకోవడం మొదలుపెట్టింది. అదే ఏడాది ఆండ్రాయిడ్ 13, స్టోర్ బయట దొరికే యాప్‌లకు ఆ అనుమతి సులువుగా అందకుండా చేసింది. తప్పంతా తెరిచినవారిదే అయితే ఈ మార్పులు ఎందుకు?

ఆమె ధైర్యం వెనుక ఉద్యోగం పోదన్న భరోసా ఉంది. వీసా ఉద్యోగానికి ముడిపడి ఉన్న నావంటివాడు ఆమె స్థానంలో ఉంటే అంత త్వరగా ఫోన్ తీసేవాడా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. పాత సహోద్యోగులు సలహా అడిగినప్పుడు మాత్రం, నివేదికలో తెరిచినవారి పేరు వద్దని, తెరిచిన సమయమూ తెలియజేసిన సమయమూ రాస్తే చాలని గట్టిగానే చెబుతున్నాను. పేరు లేకుండా పైవాళ్లు ఒప్పుకోరని వారంటున్నారు.