ఆవు కంట్లో తెల్లటి అంచు

పశువైద్యుడిగా ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. అనంతపురం జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరి మండలం. ఒక రైతు ఫోను చేసి, "ఆవు మేత ముట్టడం లేదు సార్, నోటి వెంట చొంగ కారుతోంది" అన్నాడు. చొంగ అన్న మాట వినగానే నా బుర్రలో గాలికుంటు అని, అంటే నోట్లోనూ గిట్టల మధ్యా పుండ్లు లేచి ఇట్టే అంటుకునే జబ్బని, ముద్ర పడిపోయింది.

వెళ్లేసరికి సంకర జాతి ఆవు తల వేలాడేసి నిలబడి ఉంది. జ్వరం 106 డిగ్రీలు. ముక్కు నిండా చీమిడి, మూతి మీద అది ఎండి పెచ్చులు కట్టింది. నోట్లో పుండ్లున్నాయి. గిట్టల మధ్య మాత్రం ఏమీ లేదు. అక్కడే ఆగి ఆలోచించవలసింది. ఆగలేదు. సూది వేసి, నోటికి మందు రాయమని చెప్పి వచ్చేశాను.

మూడో రోజు మళ్లీ ఫోను. "కళ్లు కనిపిస్తున్నట్టు లేదు సార్, గోడకు గుద్దుకుంటోంది."

ఈసారి టార్చి వేసి తీరిగ్గా చూశాను. నల్లగుడ్డు చుట్టూ తెల్లటి అంచు. నడుమ ఇంకా నల్లగానే ఉంది, తెలుపు మాత్రం చుట్టూ నుంచి లోపలికి పాకుతోంది. పశువులకు మామూలుగా వచ్చే కంటి జబ్బులో తెలుపు నడుమ మొదలవుతుంది. ఇక్కడ వరస తిరగబడింది, అదీ రెండు కళ్లలోనూ. భుజం ముందున్న గ్రంథి తడిమితే కోడిగుడ్డంత తగిలింది. అదే కొట్టంలో రెండు గేదెలు, ఒక పెయ్య నిమ్మళంగా నెమరు వేస్తున్నాయి. గాలికుంటే అయితే ఈపాటికి వాటికీ చొంగ కారాలి.

"గొర్రెలున్నాయా అన్నా?" అని అడిగాను. లేవన్నాడు. వెనక నుంచి ఆయన భార్య అందుకుంది: "మనకు లేవు గానీ, రెండు నెలల కిందట చేలో మంద పెట్టించాం కదా. పది రాత్రులు పడుకున్నాయి."

ఎరువు కోసం మంద పెట్టించడం ఇక్కడ అందరూ చేసేదే. ఆ పది రోజులూ ఆవును అదే చేలో, చెట్టుకు కట్టేశారట.

ఆ రాత్రి పాత పుస్తకాలు తీశాను. మాలిగ్నెంట్ కటారల్ ఫీవర్. కాలేజీలో అర పేజీ చదివి, పరీక్షలో రాసి, మరిచిపోయిన జబ్బు. దీనికి కారణం హెర్పిస్ వైరస్‌లు. ఆఫ్రికాలో వైల్డిబీస్ట్‌లనే అడవి జంతువులు మోసేది ఒకటి, మన గొర్రెలు మోసే ఓవైన్ హెర్పిస్ వైరస్-2 ఇంకొకటి. మోసే జంతువుకు తుమ్ము కూడా రాదు, అంటుకున్న ఆవు మాత్రం దాదాపుగా బతకదు. ఆఫ్రికా రకాన్ని 1960లో కెన్యాలో వేరు చేసింది వాల్టర్ ప్లౌరైట్, పశువుల ముసర వ్యాధికి (రిండర్‌పెస్ట్) టీకా తయారు చేసిన ఆయనే. వైల్డిబీస్ట్‌లు ఈనే కాలంలో ఆ మేత భూముల వైపు ఆవులను తోలకూడదని మసాయి పశుకాపరులకు మాత్రం ఏ ప్రయోగశాలా చెప్పనక్కరలేకపోయింది. మన దగ్గర గొర్రెనూ ఆవునూ ఒకే చెట్టు కింద కట్టేస్తాం. నూటికి తొంభై సార్లు ఏమీ కాదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

పేరు దొరికింది, రుజువు కావాలి. రక్తం తీసి పంపాను. రెండు రోజులకు ప్రయోగశాల నుంచి ఫోను: "డాక్టరు గారూ, ఎర్ర మూత గొట్టంలో పంపారు, రక్తం గడ్డ కట్టేసింది. వైరస్ జన్యువు తెల్ల రక్తకణాల్లో వెతకాలి కదా." రక్తం గడ్డ కట్టనివ్వని మందుండే ఊదా మూత గొట్టంలో తీయాలన్న సంగతి నాకు తెలియనిది కాదు. మళ్లీ తీసి, ఐసు పెట్టెలో పెట్టి, గడ్డ కట్టనివ్వకుండా రాత్రి బస్సుకు అందించాను. ఆ మర్నాడే ఆవు చనిపోయింది.

కోసి చూస్తానంటే రైతు మొహం తిప్పుకున్నాడు. ఈనితే రోజుకు పన్నెండు లీటర్లిచ్చిన ఆవు. చివరికి ఆయన భార్యే "చూడనివ్వండి, పెయ్యయినా మిగులుతుందేమో" అంది. చెంప లోపలి ముళ్ల వంటి మొనలు అరిగి మొద్దుబారాయి. మూత్రపిండాల మీద నూకలు చల్లినట్టు తెల్లటి మచ్చలు. ముక్కలు కోసి, కుళ్లకుండా ఫార్మలిన్‌లో వేసి పరీక్షకు పంపాను. రక్తనాళాల గోడల చుట్టూ కణాలు మూగి ఉన్నాయని తర్వాత నివేదికలో రాశారు. రక్తంలో వైరస్ జన్యువును వెతికే పీసీఆర్ పరీక్ష పాజిటివ్ అన్న కాగితం మూడు వారాలకు చేతికొచ్చింది.

అప్పటికే ఊళ్లో కొట్టం తగలబెట్టాలన్న మాట పుట్టింది. పొరుగువాళ్లు ఆ ఇంటి పెయ్యను చెరువు దగ్గరికి రానివ్వడం లేదు. ఈ జబ్బు ఆవు నుంచి ఆవుకు అంటదనీ, వైరస్ ఆ ఆవుతోనే ఆగిపోయిందనీ, వైరస్‌ను ముక్కు చీమిడిలో ఎక్కువగా వదిలేవి ఆరు నుంచి తొమ్మిది నెలల వయసు గొర్రెపిల్లలనీ రచ్చబండ దగ్గర గంటసేపు చెప్పాను. "జబ్బు లేని గొర్రె జబ్బెలా ఇస్తుంది?" అని ఒక పెద్దాయన అడిగాడు. నేను మొదటి రోజు అడుక్కోవలసిన ప్రశ్న అది.

మరుసటి ఏడు కోతలయ్యాక ఆ రైతు ఆసుపత్రికి వచ్చాడు. "ఈసారి మంద పెట్టించాలా వద్దా సార్?" ఈ జబ్బుకు టీకా లేదు, ఎరువు లేకపోతే చేను లేదు. మంద మానుకోమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పెట్టించుకోమన్నాను, పశువులను మాత్రం ఆ దరిదాపుల్లో ఉంచవద్దన్నాను. మంద ఉన్నన్నాళ్లూ పెయ్యనూ గేదెలనూ పక్క ఊళ్లో బావమరిది కొట్టంలో కట్టేసి, పొద్దునా సాయంత్రం సైకిల్ మీద వెళ్లి పాలు పిండుకొచ్చాడు.